పాప అడిగింది: మనం దేన్ని నమ్ముతాం?

వెన్నెల_డాలస్ | 2025 ఆగస్టు 29, శుక్రవారం రాత్రి

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయి అమెరికాలో డాలస్‌కొచ్చి పన్నెండేళ్లు. పాపకి తొమ్మిదేళ్లు. వచ్చే గురువారం క్లాసులో పిల్లలందరూ తమ ఇంటి ఆచారం గురించి ఐదేసి నిమిషాలు మాట్లాడాలట. ఒక పిల్ల పది ఆజ్ఞల గురించి చెబుతుందట, ఇంకో బాబు రోజుకి ఐదుసార్లు చేసే నమాజు గురించి. "మనకేంటమ్మా? మనం దేన్ని నమ్ముతాం?" అని అడిగింది. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి దీపం పెడుతున్నాను. దేన్ని నమ్మి పెడుతున్నావని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడుగుకోలేదు. మొన్న బుధవారం చవితి పూజ కూడా చేసుకున్నాం. మట్టి గణపతి ఇంకా మా హాల్లోనే ఉన్నాడు.

ఇంకో సంగతి. పోయిన కార్తీకంలో మా నాన్నగారు పోయారు. అప్పటి నుంచి పాప "తాతయ్య ఇప్పుడెక్కడున్నాడు?" అంటోంది. ఒకరోజు నక్షత్రమయ్యాడన్నాను, ఇంకోరోజు మళ్లీ పుడతాడన్నాను. రెండూ ఎలా కుదురుతాయమ్మా అంది. ఈ రెండు ప్రశ్నలకీ కాస్త దారి చూపించండి.

గోదారి_గట్టు | శుక్రవారం రాత్రి

మంచి ప్రశ్న అండీ. ముందుగా, మనకి ముప్పైమూడు కోట్ల దేవతలు అనే మాట పాప నోట రాకుండా చూసుకోండి. కోటి అంటే అక్కడ రకం అని అర్థం, సంఖ్య కాదు. వేదంలో ఉన్నది 33 మందే. ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి.

పాతపుస్తకాల_పిచ్చి | శుక్రవారం రాత్రి

33 లెక్క నిజమే. కానీ "కోటి అంటే రకం" అన్నది వాట్సాప్‌లో బాగా తిరిగిన మాట. పురాణాలు చెప్పేటప్పుడు మన పెద్దవాళ్లు కోటిని సంఖ్యగానే వాడారు, లెక్కలేనంత మంది అనే భావంతో. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పాపకి చెప్పదగ్గ ఘట్టం బృహదారణ్యక ఉపనిషత్తులో ఉంది. జనకుడి సభలో శాకల్యుడనే పండితుడు యాజ్ఞవల్క్య మహర్షిని దేవుళ్లు ఎందరని అడుగుతాడు. మూడువేల మూడువందల ఆరు అంటాడాయన. సరే, నిజంగా ఎందరు? ముప్పైమూడు. నిజంగా ఎందరు? ఆరు. మళ్లీ అడిగితే ముగ్గురు, తరవాత ఇద్దరు, తరవాత ఒకటిన్నర, చివరికి ఒక్కడు. ప్రతి జవాబుకీ శాకల్యుడు "ఓం" అని ఒప్పుకుంటాడు, మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు. ఒక్కడు అన్నాక ముందు చెప్పినవన్నీ తప్పని యాజ్ఞవల్క్యుడు అనడు. మొదట చెప్పిన ఆ మూడువేల పైచిలుకూ ముప్పైమూడు మంది మహిమలే అంటాడు. నాకు ఇందులో నచ్చేది అదే. తొమ్మిదేళ్ల పిల్లకి ఈ సంభాషణ ఆటలా ఉంటుంది, అమ్మ అడగాలి, పాప చెప్పాలి.

తణుకు_పౌరోహిత్యం | శనివారం ఉదయం

అమ్మా, శుభం. నేను ముప్పై ఏళ్లుగా పౌరోహిత్యం చేస్తున్నాను. దేన్ని నమ్ముతామో వెతుక్కోవడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. మొన్న బుధవారం మీరు కుడిచేతిలో అక్షింతలు పట్టుకుని సంకల్పం చెప్పుకున్నారు కదా, అందులోనే ఉంది. చాలామంది పేరు, గోత్రం వచ్చేదాకా పరధ్యానంగా ఉంటారు. ఒక్కసారి ఆ మాటలు విడదీసి చూడండి.

"అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే" అంటాం. బ్రహ్మగారి ఆయుష్షు నూరేళ్లు, అందులో సగం అయిపోయి రెండో సగంలో ఉన్నాం. "శ్వేతవరాహ కల్పే", ఆయన పగళ్లలో ఇప్పుడు నడుస్తున్న పగలు పేరిది. మన లెక్కలో ఆ ఒక్క పగలు 432 కోట్ల ఏళ్లు. "వైవస్వత మన్వంతరే", ఆ పగటిని ఏలే పద్నాలుగు మంది మనువుల్లో ఏడోవాడి కాలం. "కలియుగే ప్రథమ పాదే", 4,32,000 ఏళ్ల కలియుగంలో మొదటి పాదం. పంచాంగం లెక్కన అందులో గడిచినవి 5,126 ఏళ్లు. ఆ తరవాత అరవైలో ఒక సంవత్సరం, ఈ ఏడాది విశ్వావసు. ఆపైన ఆయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం.

చోటు కూడా అలాగే. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకి దక్షిణ భాగం, అక్కణ్ణుంచి శ్రీశైలం. మా తణుకులో "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే" అంటాం. హైదరాబాదు వాళ్లకి అది వాయవ్యం. తెలుగువాడు ఎక్కడ కూర్చున్నా మల్లన్న కొండకి తను ఏ దిక్కున ఉన్నాడో చెప్పుకుని గానీ పూజ మొదలుపెట్టడు. అంత పెద్ద కాలంలోంచి, అంత పెద్ద లోకంలోంచి దిగి దిగి వచ్చి, ఫలానా ఇంట్లో ఈ పీట మీద కూర్చున్న ఫలానా గోత్రం మనిషి దగ్గర ఆగుతుంది సంకల్పం. ఈ లోకం చాలా పాతది, నేను చాలా చిన్నవాణ్ణి, అయినా నేను చేసే ఈ పనికి ఒక చోటు, ఒక వేళ ఉన్నాయి. మనం నమ్మేది ఇదని నా మనసుకి అనిపిస్తుంది.

వెన్నెల_డాలస్ | శనివారం ఉదయం

గురువుగారూ, కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లు యూట్యూబ్‌లో పూజ పెట్టుకుని పంతులుగారు చెప్పింది చెప్పేస్తున్నాను, ఆ మాటలకి ఇంత అర్థం ఉందని తెలియదు. మరి మేం ఉన్నది భరతవర్షంలో కాదు కదా. ఇన్నాళ్లూ తప్పు చెప్పుకున్నామా?

తణుకు_పౌరోహిత్యం | శనివారం మధ్యాహ్నం

తప్పేం లేదమ్మా. అమెరికాలో కొన్ని గుళ్లలో అర్చకులు "క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే" అని మార్చి చెబుతున్నారు. కొందరు పాతదే ఉంచుకున్నారు. మీ గుడిలో ఎలా చెబితే అలా చెప్పుకోండి. నది మాత్రం మీరు ఏ నీళ్లు తాగుతున్నారో దాని పేరే చెప్పుకోండి, అది నా సలహా.

సీతమ్మ_టీచర్ | శనివారం సాయంత్రం

అమ్మాయ్ వెన్నెలా, నేను రిటైరైన తెలుగు టీచర్ని. పిల్లలకి సిద్ధాంతం పట్టదు, పని పడుతుంది. మీ ఇంట్లో గణపతి ఉన్నాడన్నావు కదా, దాంతోనే చెప్పించు. ఇంటికి చుట్టం వస్తే మనమేం చేస్తాం? రండి రండి అని పిలుస్తాం, అది ఆవాహనం. కుర్చీ వేస్తాం, ఆసనం. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, పాద్యం. చేతులకి నీళ్లు, అర్ఘ్యం. తాగడానికి నీళ్లు, ఆచమనీయం. స్నానం, కట్టుకోవడానికి బట్ట, గంధం, పువ్వులు, భోజనం, తాంబూలం. షోడశోపచారాలు అంటే ఇలాంటి పదహారు మర్యాదలే. దేవుణ్ణి చుట్టంలా చూసుకోవడం అన్నమాట.

ఆ చుట్టం తిరిగి వెళ్లే పద్ధతి కూడా పాపకి చూపించు. "యథాస్థానం ప్రవేశయామి" అని బొమ్మని కాస్త ఈశాన్యంగా జరుపుతాం, అదే ఉద్వాసన. ప్రాణప్రతిష్ఠ చేసినప్పుడు దేవుడు, ఉద్వాసన చెప్పాక మళ్లీ మట్టి. చవితి నాడు ముందుగా చేసే పసుపు గణపతి సంగతీ అంతే, చిటికెడు పసుపు ముద్ద, పూజయ్యాక ఆ పసుపుని ఎవరూ తొక్కని చోట కలిపేస్తాం. మీరు బొమ్మని మొక్కుతారా అని ఎవరైనా అడిగితే పాప దగ్గర జవాబు ఉండాలిగా.

అద్వైత_బాటసారి | శనివారం రాత్రి

క్షమించాలి, నా అభిప్రాయం వేరు. చుట్టం మర్యాదలు, పసుపు ముద్దలు, జాతరలు ఇవన్నీ మొదటి మెట్లు. అసలు హిందూ ధర్మం ఉపనిషత్తుల్లో ఉంది. ఉన్నది ఒకటే సత్యం, దాన్నే జ్ఞానులు అనేక పేర్లతో పిలుస్తారని ఋగ్వేదం చెప్పింది. ఆత్మ పుట్టదు, చావదు. పరాయి దేశంలో పరిచయం చేసేటప్పుడు ఈ ఉన్నతమైన తత్వం చెప్పాలి గానీ కోళ్లు, మేకలు, వేపమండలు చూపించకూడదు. జనం అపార్థం చేసుకుంటారు.

మేడారం_దారి | శనివారం రాత్రి

అన్నా, మాది ములుగు జిల్లా. మా అమ్మకి ఉపనిషత్తు పేరు కూడా తెల్వదు. రెండేళ్లకోసారి మాఘమాసంల నిండు పున్నమికి మేడారం పోతది. అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. గద్దెలు, కంకవనం అంటే వెదుళ్లు, అంతే. చిలకలగుట్ట మీంచి కోయ పూజారులు సమ్మక్కని కుంకుమ భరిణె రూపంల తెస్తరు. కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తది. కప్పం కోసం వచ్చిన కాకతీయుల సైన్యంతో కొట్లాడి ప్రాణమిచ్చిన తల్లీబిడ్డలు వాళ్లు. మేం మొక్కేది వాళ్లకే. నిలువెత్తు బంగారం అంటే బెల్లం, మనిషి బరువు తూచి ఇస్తం. మా తమ్ముడికి జరమొచ్చి లేవనప్పుడు అమ్మ మొక్కుకుంది. వాడు లేచినంక వాణ్ణి తక్కెట్ల కూసోబెట్టి తూచిండ్రు. జంపన్నవాగుల తానం చేసి, తడిబట్టలతోటి ఆ బెల్లం ముద్ద నెత్తిన పెట్టుకొని నడిచిన మా అమ్మ మొఖం నాకు ఇప్పటికీ కండ్లల్ల ఉంది. రూపం లేని దేవుడు ఉపనిషత్తులనే ఉండాల్నా?

ఎల్లమ్మ_గడప | ఆదివారం ఉదయం

మేడారం తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి నేను ఇంకో ముక్క కలపాలి. మాది మాదిగ ఇల్లు. మా ఇంట్లో ఎవరూ సంకల్పం చెప్పించలేదు, చెప్పడానికి ఎవరూ మా గడపకి రాలేదు కూడా. మా నాయనమ్మకి దేవుడంటే ఎల్లమ్మ. ఎల్లమ్మ పూజారి బైండ్లాయన జమిడిక అనే వాయిద్యం వాయిస్తూ రాత్రంతా ఎల్లమ్మ కథ చెప్పేవాడు. కొలువులో అమ్మవారు పూనిన మా కులపు ఆడమనిషి, మాతంగి, లేచి నిలబడితే ఊళ్లో పెద్దరికం ఉన్నవాళ్లు కూడా తలవంచి ఆమె తిట్టు తినేవాళ్లు, దీవెన అనుకునేవాళ్లు. మర్నాడు అదే మనిషిని రాముడి గుళ్లోకి రానిచ్చేవాళ్లు కాదు. అదే దేవత పేరు మీద ఆడపిల్లల్ని దేవతకి అంకితమిచ్చి జోగినిగా విడిచిన చీకటి కూడా ఉంది, 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది.

ఇవన్నీ తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పమనను. కానీ వెన్నెల గారూ, పాప పెద్దయ్యాక ఎవరైనా కులం గురించి అడుగుతారు. అప్పుడు తల్లి దగ్గర మొదటిసారి విన్నదై ఉండాలి, బయట కాదు.

లా_పాయింట్ | ఆదివారం ఉదయం

ఎల్లమ్మ_గడప గారి మాటకి చట్టం వైపు నుంచి ఒక వివరం. హిందూ మతమంటే ఏమిటని సుప్రీంకోర్టు విడమరిచి చెప్పిన పెద్ద తీర్పు 1966 నాటిది. ఒకే ప్రవక్త లేడు, ఒకే దేవుడు లేడు, ఒకే సిద్ధాంతం లేదు, ఇది ఒక జీవన విధానం అని అందరూ చెప్పుకునే మాటలు జస్టిస్ గజేంద్రగడ్కర్ ఆ తీర్పులో రాసినవే. అసలు ఆ కేసు దేని గురించో మాత్రం ఎవరూ చెప్పరు. దళితులకి గుడి తలుపులు తెరవాలని బొంబాయి రాష్ట్రం చట్టం చేస్తే, స్వామినారాయణ సంప్రదాయంలో కొందరు మేం హిందువులం కాము, ఆ చట్టం మాకు వర్తించదని కోర్టుకెక్కారు. మీరూ హిందువులే, తలుపు తెరవండి అని చెప్పడానికే కోర్టు అంత నిర్వచనం రాయాల్సి వచ్చింది.

ఎల్లమ్మ_గడప | ఆదివారం ఉదయం

ఈ సంగతి నాకు తెలియదు. చాలా థాంక్స్ సార్. 2018లో హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుళ్లోకి ఒక దళిత భక్తుణ్ణి చిలుకూరు అర్చకులు భుజాల మీద ఎత్తుకుని తీసుకెళ్లారు. శ్రీరంగంలో అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణి ఆళ్వారుని అర్చకుడు లోకసారంగముని మోసుకెళ్లిన కథని గుర్తుచేస్తూ చేశారు. నేను టీవీలో చూశాను. మా నాయన టీవీ ముందు నిలబడే చూశాడు, కూర్చోలేదు.

అద్వైత_బాటసారి | ఆదివారం మధ్యాహ్నం

మీ ఇద్దరి పోస్టులు రెండేసి సార్లు చదివాను. నిన్న నేను "మొదటి మెట్లు" అన్నది సరైన మాట కాదు. బెల్లం మోసిన ఆ తల్లి ఏ మెట్టు మీద ఉందో చెప్పే అర్హత నాకు లేదు. మన్నించండి.

జంగమ_బిడ్డ | ఆదివారం మధ్యాహ్నం

మా వీరశైవుల ఇళ్లలో గుడి కంటే మెడలో ఉన్న ఇష్టలింగానికే రోజూ పూజ. అరచేతిలో పెట్టుకుని చేసుకుంటాం. పోయినవాళ్లని దహనం చెయ్యం, కూర్చోబెట్టి సమాధి చేస్తాం. పాప క్లాసులో "హిందువులంతా ఇలాగే చేస్తారు" అనకుండా "మా ఇంట్లో ఇలా చేస్తాం" అంటే బాగుంటుంది.

వెన్నెల_డాలస్ | ఆదివారం రాత్రి

ఎవరికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఐదో రోజు కదా, ఇందాకే నిమజ్జనం చేశాం. ఈసారి ఉద్వాసన మాట పాప చేతే చెప్పించాను. బొమ్మని జరిపి, పెరట్లో బకెట్ నీళ్లలో ఉంచాం. ముందు చేతులు కరిగాయి, తరవాత తొండం. చివరిదాకా పొట్ట ఉండిపోయింది. పాప పక్కనే గొంతుకూర్చుని గంటసేపు చూసింది. ఆ మట్టినీళ్లు తులసి కుండీలో పోశాం. "ఇప్పుడు ఆయన ఎక్కడికెళ్లాడు?" అని అడిగి, నేను చెప్పేలోపే "తాతయ్య కూడా ఇలాగేనా?" అంది. నేను పక్కకి తిరిగిపోయాను. ఆ రెండో ప్రశ్నకి ఎవరూ జవాబు రాయలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సీతమ్మ_టీచర్ | ఆదివారం రాత్రి

అమ్మాయ్, పాప నీకంటే ముందుంది. నేను ఆగింది ఎందుకంటే ఇది తొందరపడి రాసేది కాదు.

నువ్వు చెప్పినవి రెండూ అబద్ధం కాదు. చేసిన పనిని బట్టి జీవుడు ఇంకో శరీరం ఎత్తుతాడని మనవాళ్లు నమ్మారు, అది కర్మ. పోయినవాళ్లు పితృదేవతలై మనవైపు చూస్తుంటారనీ నమ్మారు. మరి ఎక్కడో పుట్టేసినవాడికి ఇక్కడ పెట్టిన పిండం ఎలా అందుతుందన్న సందేహం వాళ్లకీ వచ్చింది. పురాణాల్లో దానికి జవాబుంది. ఆయన దేవుడై ఉంటే అది అమృతంగా అందుతుంది, పశువై పుట్టి ఉంటే గడ్డిగా అందుతుంది. పేరు, గోత్రం చెప్పి శ్రద్ధతో ఇచ్చింది దారి వెతుక్కుంటూ పోతుందట. దూడ మంద మధ్యలో తల్లిని పట్టుకున్నట్టు అని పోలిక చెబుతారు. మావారు పోయినప్పుడు మా పురోహితులు ఆ దూడ మాట చెప్పారు. పదకొండేళ్లయింది. తద్దినం నాడు విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఆ దూడే కనబడుతుంది.

పాపకి ఇలా చెప్పు: తాతయ్య ఎక్కడున్నా మనం పేరు పెట్టి పిలిచి ఇచ్చింది ఆయనకి చేరుతుంది.

తణుకు_పౌరోహిత్యం | సోమవారం ఉదయం

టీచర్ గారు చక్కగా చెప్పారు. ఒక్క వివరం కలుపుతాను. శ్రాద్ధంలో తండ్రిని వసురూపంలో, తాతని రుద్రరూపంలో, ముత్తాతని ఆదిత్యరూపంలో పిలుస్తాం. పైన గోదారి_గట్టు గారు చెప్పిన ముప్పైమూడు మందిలో ముప్పై ఒక్కరు ఈ మూడు గణాల వాళ్లే. అంటే అమ్మా, మీ నాన్నగారు ఇప్పుడు వసువుల వరసలో ఉన్నారు. మీరు నక్షత్రమయ్యాడు అన్నారు కదా, వసువులు ఎవరని శాకల్యుడు అడిగితే యాజ్ఞవల్క్యుడు చెప్పిన ఎనిమిదింటిలో నక్షత్రాలు కూడా ఉన్నాయి. మీరు తెలియక అన్నా పొరపాటు అనలేదు.

ఆయన తిథి ఏమిటి? ఏడాది దగ్గర పడుతోంది.

వెన్నెల_డాలస్ | సోమవారం ఉదయం

నిజమా గురువుగారూ! ఈ ముక్క ఇప్పుడే పాపకి చదివి వినిపిస్తాను.

తిథి నాకు తెలియదు. పోయిన ఏడాది నవంబరు 6, మధ్యాహ్నం మూడింటికి. నేను విమానం దిగేసరికే అంతా అయిపోయింది. ముందురోజు అమ్మ పుట్టలో పాలు పోసి వచ్చిందని, ఆ చలిమిడి నాన్న ఇష్టంగా తిన్నారని చెప్పింది.

తణుకు_పౌరోహిత్యం | సోమవారం ఉదయం

పుట్టలో పాలు పోస్తే నాగుల చవితి. మర్నాడు మధ్యాహ్నం అంటే కార్తీక శుద్ధ పంచమి. ఈ ఏడాది అది అక్టోబరు 26, ఆదివారం వస్తోంది. నవంబరు 6 అని పెట్టుకుని కూర్చుంటే తిథి దాటిపోతుంది, అక్కడున్న పిల్లలు చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆబ్దికం, అదే ఏడాది తద్దినం, మీ అన్నదమ్ములు పెడతారా?

వెన్నెల_డాలస్ | సోమవారం మధ్యాహ్నం

అన్నయ్య తెనాలిలో పెడతాడు. ఇక్కడ నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

తణుకు_పౌరోహిత్యం | సోమవారం మధ్యాహ్నం

ఆరోజు తలస్నానం చేసి దీపం పెట్టి, నాన్నగారి పేరు, గోత్రం చెప్పి స్వయంపాకం ఇవ్వండి. బియ్యం, కందిపప్పు, కూరలు, నెయ్యి, బెల్లం, దక్షిణ. గుళ్లో ఇచ్చినా సరే, ఆకలిగా ఉన్నవాళ్లకి ఇచ్చినా సరే. అంతకుముందే సెప్టెంబరు 8 నుంచి మహాలయ పక్షం వస్తోంది, అమావాస్య దాకా ఆ రోజులన్నీ పితృదేవతలవే. పాప చేత ఒక ముద్ద కాకికి పెట్టించండి.

వెన్నెల_డాలస్ | గురువారం రాత్రి

ఇవాళ పాప మాట్లాడింది. టీచర్ అనుమతి తీసుకుని ఒక పళ్లెం, చిటికెడు పసుపు, చిన్న గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లింది. అందరి ముందూ పసుపు ముద్ద చేసి, చుట్టానికి చేసే పదహారు మర్యాదల్లో ఆరు చూపించిందట. దేవుడు ఎందరని ఒక బాబు అడిగితే యాజ్ఞవల్క్యుడి ఆట ఆడించిందట, క్లాసంతా "నిజంగా ఎందరు?" అని అరిచారట. మొదట్లో సంకల్పం కూడా తనే చెప్పింది. ద్వీపం, వర్షం అన్నీ అయ్యాక "ట్రినిటీ నదీ తీరే" అని కలిపింది, ఆ నది మా ఊళ్లోంచే పారుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ పసుపుని తులసి కుండీలో కలిపింది. ఇక్కడ కాకులు ఏ వేళకి వస్తాయో చూడాలని రేపు పొద్దున్నే లేపమంది.